సున్నపు గీతకి అటూ ఇటూ మా నాన్న బండి

మా ఇంట్లో తెలివికి లోటు లేదు. ఇది నేను గొప్పకి చెప్పుకోవడం కాదు, ఊరంతా ఒప్పుకున్న సంగతి. మేం వీధిలో నడుస్తుంటే జనం చేతిలో పని ఆపి చూస్తారు. నోరు విప్పితే చుట్టూ మూగుతారు. లేచి వెళ్ళబోతే, "ఇంకొక్కటి చెప్పి పొండి బాబూ" అని కూర్చోబెడతారు. తెలివిలేని వాళ్ళ కోసం ఎవరైనా అంత శ్రమ పడతారా?

మేం ముగ్గురు అన్నదమ్ములం. పెద్దవాణ్ణి నేను, గవర్రాజు. అరవై తొమ్మిదిలో బి.ఏ. ప్యాసయ్యాను. అందులో తర్కశాస్త్రం ఒక సబ్జెక్టు. మా తర్కం మాస్టారు నా జవాబు పత్రం క్లాసులో పైకి చదివి, చివరికొచ్చేసరికి కళ్ళు తుడుచుకునేవారు. అంత బాగా రాసేవాణ్ణి. ఆ మరుసటేడు ఆయన ఉద్యోగం మానేసి కొబ్బరితోట చూసుకోవడానికి వెళ్ళిపోయారు. చెట్లు ఎదురు జవాబులు రాయవన్నారట. ఆయన మాటలు లోతుగా ఉండేవి, నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు.

నా తరవాతివాడు సన్యాసిరావు. వాడికి కొత్తదంటే ప్రాణం. ఆఖరివాడు దేముడు. వాడికి పాతదంటే ప్రాణం. గోడమీద క్యాలెండరు కూడా కిందటేడుదే ఉంచుతాడు, అలవాటైన తేదీలు మార్చడం దేనికని.

ఇక బండి సంగతి. యుద్ధం అయిపోయాక పటాలం వాళ్ళు వేలం వేస్తే మా నాన్న కొన్నాడు. జీపుకి అన్న, లారీకి తమ్ముడు అనుకోండి. నాలుగు చక్రాలూ లాగే బండి. బురదైనా, గెడ్డలో నీళ్ళైనా, కొండైనా దానికి ఒకటే. నాన్న ముప్పై ఏళ్ళు ఆ బండిమీద కొండ నుంచి చింతపండూ పసుపూ దింపాడు. పోయేముందు మా ముగ్గుర్నీ మంచం దగ్గరికి పిలిచి, "ఒరే, బండిని ఉన్నదున్నట్టు ఉంచండిరా" అన్నాడు.

అంతే. దినకర్మలు అవగానే కాగితం, పెన్సిలు పట్టుకుని షెడ్డుకి వెళ్ళి, బండి ఎలా ఉందో అలా రాసుకున్నాం. ముందు ఎడమ టైరులో గాలి లేదు. అద్దానికి ఒక పగులు. వెనక సీటులో ఎడమవైపు తొమ్మిది గుడ్ల మీద ఒక కోడి.

ఆ రోజు నుంచి దేముడు కాపలా. ఒకసారి ఎవరో పుణ్యాత్ముడు టైరులో గాలి కొడితే, వీడు కూర్చుని మొత్తం తీసేశాడు. ఇరవై రోజులకి గుడ్లు పిల్లలయ్యాయి. ఇంకేముంది, ఇంట్లో ఏడుపులు. "నాన్న మాట నిలబెట్టలేకపోయాం అన్నియ్యా" అని దేముడు అన్నం మానేశాడు. సంతకి పరిగెత్తి ఇంకో పొదిగే కోడినీ తొమ్మిది గుడ్లనీ తెచ్చి కూర్చోబెట్టాం. అలా నాలుగేళ్ళు.

మా ఆవిడ కనకం అడిగింది. "ఏవండీ, మావయ్యగారు ఉంచమన్నది బండినా, కోడినా?"

తర్కం చదవని వాళ్ళకి అలాంటి సందేహాలు వస్తాయి. నేను పట్టించుకోలేదు.

ఆ ఏడు వానలకి కొండరోడ్డు కోసుకుపోయింది. కొండమీద చింతలగెడ్డలో మా చెల్లెలు వరహాలమ్మ ఉంటుంది. ఒకనాడు పొద్దున్నే అడ్డదారిన నడిచి దిగి వచ్చి, చెంగుతో ముఖం తుడుచుకుంటూ అరుగుమీద కూలబడింది.

"అన్నియ్యా, నీలవేణి పెళ్ళి వచ్చే గురువారం. ఇక్కడే మీ ఊరి కల్యాణమండపంలో. పదకొండు గంటలకి ముహూర్తం. పెళ్ళికొడుకు మంచోడే గానీ, ఆల నాన్న పట్టింపు మనిషి. గడియ దాటితే పెళ్ళొద్దని లేచెళ్ళిపోతాడు. కార్లు కొండ ఎక్కట్లేదు, ఆటోలూ ఎక్కట్లేదు. నాన్న బండొక్కటే ఎక్కుద్ది. నా పిల్ల పెళ్ళి మీ చేతుల్లో ఉన్నాది."

నేను లేచి నిలబడ్డాను. "నీలవేణి నాన్న బండిలోనే కొండ దిగుతుంది. ఇది నా మాట."

"నా మాట" అన్నాడు సన్యాసి.

"నాదీను" అన్నాడు దేముడు.

వరహాలు మా ముగ్గురి ముఖాలూ వరసగా చూసింది. "మూడు మాటలొద్దు. ఒక్క బండి తెండి చాలు" అని లేచి వెళ్ళింది.

జిలానీ మేస్త్రిని పిలిచాం. ముప్పై ఏళ్ళుగా బండ్లు బాగుచేస్తున్న మనిషి. మూత ఎత్తి, లోపల తల పెట్టి, చాలాసేపు చూశాడు. బయటికొచ్చి, "ఇంజను దివ్యంగా ఉంది బాబూ. టైర్లు, బ్రేకులు, లైట్లు, సీట్లు కొత్తవి వేసుకోండి. ఏనుగులా ఎక్కుద్ది" అన్నాడు.

దేముడు వెళ్ళి బండి ముందు అడ్డంగా పడుకున్నాడు. "నాన్న ఉన్నదున్నట్టు ఉంచమన్నాడు. ఒక్క బోల్టు తీసినా నా మీంచే!"

"పెళ్ళికూతురు గుడ్లమీద కూర్చుంటుందేట్రా?" అన్నాడు సన్యాసి. "నేను మెత్తటి సీటు వేయిస్తాను. పాటల పెట్టె పెట్టిస్తాను. రంగు మారుస్తాను."

"ఆ రంగు పటాలం వాళ్ళు వేసింది!"

"పటాలం వాళ్ళు పెళ్ళికొస్తున్నారా?"

"వస్తే ఏ ముఖం చూపిస్తావ్?"

మధ్యాహ్నం దాకా ఇదే. చివరికి ఇద్దరూ నా వైపు తిరిగారు. పెద్దవాణ్ణి, పైగా డిగ్రీ. కాసేపు కళ్ళు మూసుకుని ఆలోచించి తీర్పు చెప్పాను. "గొడవెందుకు? సగం పాతది, సగం కొత్తది."

ఇంకేముంది, సున్నం తెచ్చి బండికి నడిమధ్యన, ముందు నుంచి వెనక దాకా గీత గీశాం. గీతకి ఎడమపక్క దేముడిది, కుడిపక్క సన్యాసిది.

జిలానీ తలమీద చేతులు పెట్టుకున్నాడు. "బాబూ, ముందో వెనకో మార్చినోళ్ళని చూశాను గానీ, బండిని కొబ్బరికాయలా చెరిసగం చేసినోళ్ళని చూళ్ళేదు."

"ఇప్పుడు చూడు" అన్నాం ముగ్గురం సంతోషంగా.

పాపం, చెప్పింది చేశాడు. కుడివైపు లావుపాటి కొత్త టైర్లు, ఎడమవైపు అరిగినవి, అందులో ఒకదాన్లో గాలి లేదు. కుడి చక్రాలకి కొత్త బ్రేకులు. ఎడమ చక్రాలకి ఏం లేవు, నాన్న పోయేనాటికే అరిగిపోయాయి. కుడివైపు ఎర్రరంగు, ఎడమవైపు పటాలం పచ్చ. కుడి సీటు మెత్తగా సోఫాలా ఉంది, ఎడమ సీటులో కోడి. బండి మొత్తం ఎడమకి ఒరిగి, ఎవరో చెవిలో రహస్యం చెబుతుంటే వింటున్నట్టు నిలబడింది.

"నాన్న కూడా ఎడం పక్కకే ఒరిగి పడుకునేవాడు" అని దేముడు కళ్ళు తుడుచుకున్నాడు.

మంగళవారం సాయంత్రం పని ముగించి, సామాను సర్దుకుంటూ జిలానీ ఒక్క మాట చెప్పాడు. "నేను మా మరదలి ఇంట్లో శుభకార్యానికి పోతన్నాను, శుక్రవారం వస్తాను. ఇంజన్ని మాత్రం ముట్టుకోకండి. అది బంగారం."

ఆయన వీధి మలుపు తిరిగాడో లేదో, ముగ్గురం సమావేశమయ్యాం.

"బంగారమట" అన్నాడు సన్యాసి గొంతు తగ్గించి.

"మనకి ఇన్నాళ్ళూ తెలీదు" అన్నాడు దేముడు.

"వదిన బస్సెక్కేటప్పుడు నానుతాడు తీసి బీరువాలో పెడుతుంది కదా. మరి ఇంత బంగారాన్ని బండిలో వేసుకుని కొండదారిన పోతామా?" అన్నాడు సన్యాసి.

ఈ ఒక్క విషయంలో కొత్తవాడూ పాతవాడూ ఏకమయ్యారు. నాకు గర్వంగా అనిపించింది. కాకపోతే ముట్టుకోవద్దన్నాడు. అందుకని చేతులకి తువ్వాళ్ళు చుట్టుకున్నాం. గొలుసు కప్పీ తెచ్చి, చీకటి పడేలోగా ఒక్క వేలు తగలకుండా ఇంజన్ని పైకి లేపి, నలుగురు కూలీల చేత మోయించి, మా పడగ్గదిలో మంచం పక్కన దింపించాం. బీరువాలో పట్టలేదు. పైన పట్టు దుప్పటి కప్పి, గదికి తాళం వేసి, తాళంచెవి కనకానికి ఇచ్చాను.

"ఇంజను లేకుండా బండి ఎలా నడుస్తుందండీ?" అంది కనకం.

"నాలుగు చక్రాలూ లాగే బండి అన్నాడు నాన్న. ఇంజను లాగుతుందని ఎప్పుడైనా అన్నాడా?"

కనకం తాళంచెవి నడుముకి దోపుకుని వంటింట్లోకి పోయింది. పప్పు గిన్నె చప్పుడు కొంచెం గట్టిగానే వినిపించింది.

బుధవారం తెల్లవారింది. పూలదండలు కట్టి, బండెక్కి కూర్చున్నాం. సన్యాసి తాళం తిప్పాడు. చిన్న చప్పుడైనా లేదు.

"చూశావా అన్నియ్యా, కొత్తది వేస్తే ఎంత నెమ్మదిగా పోతోందో!"

నిజమే, ఒక్క కుదుపు లేదు. స్టీరింగు తిప్పుతూ, హారను కొడుతూ, పాటలు వింటూ అరగంట కూర్చున్నాం. ఇంతలో కనకం కాఫీ గ్లాసులు పట్టుకుని బయటికొచ్చింది.

"వదిన కూడా వచ్చేసిందే!" అన్నాడు దేముడు ఆశ్చర్యంగా. "వాకిలి కూడా వచ్చింది అన్నియ్యా!"

"మీరు కదిలితే గదా" అంది కనకం. "సోములు ఎద్దులనైనా కట్టుకుపోండి. అవతల ఆడపిల్ల పెళ్ళి."

అది తెలివైన సలహా. ఆవిడ నోట అప్పుడప్పుడు అలాంటివి వస్తాయి, నాతో ఇన్నేళ్ళ కాపురం కదా. వీధి చివర సోములు దగ్గర రెండు జతల ఎద్దులు తెచ్చి బండికి కట్టాం. మేం ముగ్గురం ఎక్కి కూర్చున్నాం, దిగి నడవాలన్న ఆలోచన ఎవరికీ తట్టలేదు. నాలుగు ఎద్దులూ నురగలు కక్కుతూ, కోసుకుపోయిన రోడ్డులో బండిని పైకి లాగాయి. పొద్దు వాలేసరికి చింతలగెడ్డ చేరాం.

వరహాలు ఎదురొచ్చి ఎద్దుల్ని చూసింది. ఒరిగిన బండిని చూసింది. మూత ఎత్తి లోపలికి చూసింది.

"అన్నియ్యా, ఇంజనేదీ?"

"భద్రంగా ఉందమ్మా. పట్టు దుప్పటి కప్పాం."

మా చెల్లెలు అక్కడే రోలుమీద కూర్చుంది. పెళ్ళికూతురు నీలవేణి మాత్రం పక్కున నవ్వింది. "ఊరుకోయే అమ్మా. మావయ్యా, బండి భలే ఉన్నాది. దిష్టి తగలకుండా చూసుకోండి."

గురువారం తెల్లవారగానే నీలవేణిని పెళ్ళిబట్టలతో తీసుకొచ్చి కుడి సీటులో కూర్చోబెట్టాం. పల్లంలో ఎద్దులు ముందుంటే బండి వాటిమీదికి పోతుందని నాకు తోచింది. ఆ మాత్రం తర్కం నాకు వచ్చు. అందుకని కాడి విప్పేశాం, వెనక తాళ్ళు పట్టి ఆపడానికి ముప్పై మంది ఊరివాళ్ళు సిద్ధమయ్యారు. అప్పుడు దేముడు ఎద్దులవైపు చూశాడు. డొక్కలు ఎగరేస్తూ నిలబడ్డాయి.

"నిన్నంతా మనల్ని లాగాయి. ఇవాళ వాటిని నడిపిస్తామా? మనుషులమేనా మనం?"

సన్యాసికి కూడా గుండె కరిగింది. పలకలు వేసి నాలుగు ఎద్దుల్నీ బండెక్కించాం. అంతే, బండి నిండిపోయింది. ఒక ఎద్దు తోక పెళ్ళికూతురి పూలజడలో చిక్కుకుంది. నీలవేణి జడ విడిపించుకుని కిందికి దూకి, చీర ఎగ్గట్టింది.

"మావయ్యా, మీరు నిదానంగా రండి. నేను అడ్డదారిన పోతాను."

తల్లినీ తండ్రినీ పేరంటాళ్ళనీ వెంటబెట్టుకుని చెట్లలోకి మాయమైంది.

"ఎక్కడికి తల్లీ, బండి ఉండగా!" అని అరిచాం. వినిపించుకోలేదు.

దిగడం గురించి ఎక్కువ చెప్పను. బ్రేకులు కుడి చక్రాలకే కదా, తొక్కినప్పుడల్లా బండి కుడికి తిరిగి కొండని ఢీకొట్టేది. కొండ కుడివైపే ఉండటం మా అదృష్టం. కొండకి పెద్దగా దెబ్బ తగల్లేదు. మధ్యాహ్నం పన్నెండున్నరకి మండపం చేరాం. పూలదండల బండి కనబడగానే మేళగాళ్ళు వాయించేశారు. చూపు ఆనని ఒక ముసలావిడ హారతి పళ్ళెంతో ఎదురొచ్చి, మొదట దిగిన ఎద్దు నుదుట బొట్టు పెట్టి, "పిల్ల బొద్దుగా ఉన్నాది" అని మెచ్చుకుంది.

లోపల పదకొండు గంటలకే పెళ్ళి జరిగిపోయింది. నీలవేణి మెడలో తాళి, పక్కన మొగుడు తిరుపతిరావు, ఇద్దరూ విస్తరి ముందు కూర్చుని బూరెలు తింటున్నారు. పట్టింపు మనిషి అన్న వియ్యంకుడు కూడా నవ్వుతూనే ఉన్నాడు. వరహాలు మమ్మల్ని చూసి, "వచ్చారా, కాళ్ళు కడుక్కోండి, వడ్డిస్తాను" అంది చల్లగా.

కానీ మాకు ముద్ద దిగితేనా? దేముడు విస్తరి ముందు వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

"పిల్ల బండిలో కొండ దిగుతుందని మాటిచ్చాం అన్నియ్యా. నడిచి దిగింది. మన మాటేం కాను?"

సన్యాసి మజ్జిగ గ్లాసు కింద పెట్టేశాడు. నేను చేతిలో బూరె విస్తరిలో పెట్టేశాను. మనిషికి మాట కంటే ఏముంది? లేచాం. వధూవరుల్ని చెరో చెయ్యీ పట్టుకుని తీసుకొచ్చి బండిలో కూర్చోబెట్టాం. తిరుపతిరావు పెద్దల మాట కాదనని పిల్లాడు, పాపం, చేతిలో సగం బూరెతోనే ఎక్కాడు. నీలవేణి అయితే నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. ఎద్దుల్ని కట్టి, కొండవైపు తోలాం.

మగపెళ్ళివారు వెనకాల పరుగు. వరహాలు అందరికంటే ముందు.

"అన్నియ్యా! పెళ్ళయిపోయింది! పిల్లని ఎక్కడికి తీసుకుపోతన్నారు?"

"పైకి!" అని అరిచాను. "పైకి పోకపోతే కిందికెలా దిగుతుందే?"

పొద్దు కుంకేవేళకి కొండెక్కాం. బండిని పల్లంవైపు తిప్పాం. వధూవరులు మెత్తటి సీటులో చక్కగా కూర్చుని ఉన్నారు, వెనక తాళ్ళు పట్టి జనం నిలబడ్డారు. ఇక వదలడమే తరవాయి. నాలుగేళ్ళలో మొదటిసారి దేముడూ సన్యాసీ ఒకరి భుజంమీద ఒకరు చెయ్యి వేసుకున్నారు. నా కళ్ళు చెమర్చాయి.

అప్పుడు నాలుగు ఎద్దులూ మావైపు చూశాయి. నోట నురగలు, వణుకుతున్న కాళ్ళు. రెండు రోజుల్లో రెండుసార్లు కొండెక్కాయి. మేం ముగ్గురం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. ఎంత మాటిచ్చినా, మనుషులం కదా.

నేను పెద్దవాణ్ణి కాబట్టి, దగ్గరికెళ్ళి మెల్లగా చెప్పాను.

"అమ్మా నీలవేణీ, నువ్వూ అల్లుడుగారూ కాస్త దిగి, చీకటి పడేలోగా అడ్డదారిన నడిచి వెళ్ళిపోండమ్మా. మేం ఎద్దుల్ని బండిలో కిందికి దింపి, నిన్ను మళ్ళీ పైకి తీసుకొస్తాం."