నాంచారమ్మ సాలు

అనగనగా, నేల నల్లగా, పంట ఎర్రగా ఉండే ఒక ఊరు. ఆ ఊళ్లో నాంచారమ్మ అని ఒక మనిషి. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఉన్నవల్లా ఒక పాక, రెండు చేతులు. ఆ చేతులు ఆడితేనే పొయ్యి వెలిగేది.

మిరపకాయల కోతకు వెళ్తే మనిషికొక సాలు, అంటే చేను ఈ కొస నుంచి ఆ కొసదాకా ఒక మొక్కల వరస. పొద్దుగూకేలోగా ఎవరి సాలు వాళ్లు కోసెయ్యాలి. సాలు మిగిలితే కూలి లేదు. అది ఆసామి పేరయ్య పెట్టిన కట్టడి. పేరయ్య చెడ్డవాడేం కాదు గానీ, కట్టడి దగ్గర దేవుడు దిగొచ్చినా వినడు.

తల్లులు చేను పక్కన తుమ్మచెట్టుకు పాతచీరల ఉయ్యాలలు కట్టి, పసివాళ్లను పడుకోబెట్టి కోతకు దిగేవాళ్లు. ఒకనాడు ఆదెమ్మ కొడుకు గుక్కపట్టి ఏడ్చాడు. ఆదెమ్మ పరుగున వెళ్లి వాడి కన్నీళ్లు తుడిచింది. అవి మిరపకాయలు కోసిన చేతులు. పిల్లాడు గిలగిల్లాడిపోయాడు. ముట్టుకుంటే మంట, ముట్టుకోకపోతే ఏడుపు. కన్నతల్లికి అంతకన్నా నరకం ఏముంటుంది?

నాంచారమ్మ తన సాలు వదిలి వచ్చింది. అన్నంలోకి తెచ్చుకున్న మజ్జిగంతా పోసుకుని చేతులు కడుక్కుంది. పిల్లాడి కళ్లు నీళ్లతో కడిగి భుజాన వేసుకుంది. అంతలో పక్క ఉయ్యాలలో పసిది లేచింది. దాన్నీ ఎత్తుకుంది. ఆదెమ్మను పనికి పొమ్మంది. పొద్దుగూకింది. నాంచారమ్మ సాలు నిలబడే ఉంది. కూలి లేదు.

రెండో రోజు చెట్టువైపు చూడనని ఒట్టు పెట్టుకుంది. ఒక పసివాడు ఉయ్యాలలోంచి జారబోయాడు. ఒట్టు గట్టున పెట్టి పరుగెత్తింది. ఆదెమ్మ తన సాలు ముగించి, ఆమె సాలు కూడా కోయబోయింది గానీ ఒక్క మనిషికి ఎంతని సాగుతుంది? పొద్దుగూకింది. నాంచారమ్మ సాలు సగం నిలబడే ఉంది. కూలి లేదు.

ఇంట్లో గింజలు అయిపోయాయి. ఇంకొక్క రోజు కూలి తప్పితే ఇల్లిల్లూ తిరిగి అడుక్కోవడమే. ఆ మాట తలచుకుంటేనే ఆమె ప్రాణం చచ్చిపోయింది. మూడో రోజు ఏమైనా సరే సాలు వదలకూడదనుకుంది. కానీ చెట్టు కింద పిల్లలు ఆమెను చూసి చేతులు చాపారు. ఇంకేం చేస్తుంది?

ఆదెమ్మ అమ్మలక్కలందరి చెవిలోనూ మాట వేసింది. ఎవరి సాలు కొసకు వాళ్లు వచ్చి, పక్కకు తిరిగి నాంచారమ్మ సాలులో కొన్ని మొక్కల కాయలు కోశారు. ఎవరికీ బరువనిపించలేదు.

పొద్దుగూకింది. పేరయ్య కూలి కొలవడానికి జొన్నల గంప ముందు కూర్చున్నాడు.

"పిల్లల్ని ఆడిచ్చినదానికి కూలేందే, నాంచారీ? నీ సాలు కొయ్యలా గదా," అన్నాడు.

ఆమె తల దించుకుంది. ఆదెమ్మ ముందుకు వచ్చింది.

"ఆమె సాలు ఏదో చూపియ్యయ్యా," అంది.

పేరయ్య లేచి ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాడు. చేలో పండుకాయ ఒక్కటి లేదు. ఎవరు కోశారని అడిగాడు.

"మా పిల్లల్ని ఆమె చూసింది. ఆమె సాలు మేం చూశాం."

పేరయ్య తల గోక్కున్నాడు. కట్టడి ఆయన పెట్టిందే మరి. నాంచారమ్మ ఒళ్లో జొన్నలు కొలిచి పోశాడు. ఆమెకు ఏడుపు ఆగలేదు. ఆ రోజు చేతులకు కారం లేదు గనుక హాయిగా కళ్లు తుడుచుకుంది.

అప్పట్నుంచీ ఆమె పని ఆ చెట్టు కిందే. ఆమె చేతుల్లో పెరిగిన పిల్లలు పెద్దవాళ్లై, వాళ్ల పిల్లల్నీ ఆమెకే అప్పగించారు. చివరికి ఒక ఏడు, కోతల ముందు నాంచారమ్మ పోయింది.

ఆ ఏడు కూడా ఆడవాళ్లు ఒక సాలు వదిలి నిలబడ్డారు. అందరూ కలిసి దాన్ని కోశారు. ఆ సాలు కూలి, పిల్లల దగ్గర కూర్చున్న మనిషికి ఇప్పించారు.

ఈనాటికీ ఆ వైపు ఆడవాళ్లను కోతకు పిలవండి. కూలి ఎంత అని ముందు అడగరు. "నాంచారమ్మ సాలు ఉందా?" అని అడుగుతారు. ఉందంటేనే పసివాళ్లను చంకనేసుకుని బయల్దేరతారు.