ఉల్లిపొరలో పచ్చరంగు

పదకొండు నెలలుగా లోకనాథానికి కుదురు లేదు. మహేంద్రగిరి వాలులో తవిటయ్య గురువు ఆశ్రమంలో చేరింది మొదలు అదే పని. ఊడవడం, నీళ్లు మోయడం, జీడితోటలో కలుపు తీయడం, పొద్దున్నే కళ్లు మూసుకుని కూర్చోవడం. ఉపదేశం మాత్రం కాలేదు. అడిగితే గురువుది ఒకటే మాట.

"నోపల ఏటైనా అగుపడితే వొచ్చి సెప్పు. అప్పుడు సూద్దుం."

పోయిన వారం సన్యాసమ్మని స్నానం చేసి రమ్మని ఉపదేశం ఇచ్చాడు. ఆమె వచ్చి నిండా నాలుగు నెలలు కాలేదు, సంతకం కూడా రాదు. ఇంటర్‌ బైపీసీలో కాలేజీ ఫస్టు వచ్చిన లోకనాథం ఆ పూట సగం అన్నంలో లేచిపోయాడు. అప్పట్నుంచి ధ్యానంలో కూర్చున్నా మోకాళ్లు ఊగుతూనే ఉన్నాయి.

ఇవాళ పొద్దున్న ఇక ఆగలేక గురువు దగ్గరికి పరుగున వచ్చాడు.

"కనిపించిందండీ! గుండె నడిమధ్య, ఆవగింజంత నీలం వెలుగు. పెద్దలు రాసినట్టే, అచ్చంగా!"

"ఊఁ" అన్నాడు తవిటయ్య.

కాషాయం కట్టకముందు ఆయన ముప్పై ఏళ్లు ఓ కాలేజీ సైన్సు ల్యాబులో అటెండరు. రిటైరైన రోజున శాలువా వద్దని అడిగి తెచ్చుకున్న పాత మైక్రోస్కోపు ఒకటి ఇంకా ఆయన దగ్గరుంది. దాన్ని తెచ్చి అరుగు మీద ఎండ పడే చోట పెట్టాడు. ఉల్లిపాయ కోసి, లోపలి పొర ఒలిచి ఒక గాజుపలక మీద పరిచాడు. లోకనాథాన్ని నోరు తెరవమని, వేపపుల్లతో బుగ్గ లోపల గీకి రెండో పలక మీద రాశాడు. మూడోదాని మీద మజ్జిగచుక్క పులిమి ఆరబెట్టాడు. చివరి రెండింటికీ కణాలు కనబడేలా నీలం రంగుమందు వేశాడు.

ఉపదేశం అడిగితే ఉల్లిపాయ కోస్తాడేమిటీయన, అనుకున్నాడు లోకనాథం.

"మూడూ సూసి బొమ్మలు గియ్యి."

లోకనాథానికి నవ్వొచ్చింది. మొక్క కణం, జంతు కణం, బాక్టీరియా కణం! ఈ మూడు బొమ్మలకీ అతనికి ఎప్పుడూ అర మార్కు పోలేదు. ఒక్కో పలకనీ మైక్రోస్కోపు కింద పెట్టి, కన్ను ఆనించాడో లేదో తీసేశాడు. పావుగంటలో కాగితం నిండిపోయింది.

ఉల్లి కణానికి చుట్టూ గోడ, మధ్యలో పెద్ద నీటిసంచి, ఓ మూలకి కేంద్రకం, పచ్చపచ్చగా హరితరేణువులు. బుగ్గ కణానికి గోడ లేదు, పల్చటి పొరే. లోపల కేంద్రకం, మడతల మడతల మైటోకాండ్రియాలు. మజ్జిగ బాక్టీరియాకి గోడ ఉంది, కేంద్రకం లేదు. దారప్పోగులాంటి డీఎన్‌ఏ ఒకటి లోపల విడిగా పడి ఉంది, వెనకాల పొడుగాటి తోక. అన్నిటికీ గీతలు కొట్టి పేర్లు రాశాడు.

తవిటయ్య కాగితం చూశాడు. మిగిలిన ఉల్లిపొర ముక్కని వేలికొన మీద వేసుకుని లోకనాథం ముఖం ముందు పెట్టాడు. తెల్లగా, కింద వేలిగీతలు కనిపించేంత పల్చగా ఉంది.

"పచ్చ ఏదిరా?"

లోకనాథం తన కాగితం కేసి చూశాడు. తను గీసిన ఆ పుస్తకం బొమ్మ ఆకు కణానిది.

"ఈ మడతల గింజలు మన అద్దాలకి అందవు. ముప్పై ఏళ్లు తుడిసినాను, ఒక్కపాలి అగుపడనేదు." తవిటయ్య వేలు మూడో బొమ్మ మీదికి జరిగింది. "మజ్జిగకి తోకెక్కడిది?"

"పుస్తకంలో..."

"పుస్తకం అబద్ధం సెప్పదు. తోకలున్నవి ఉంటాయి. మన మజ్జిగలో నేవు."

లోకనాథం చెవులు వేడెక్కాయి. "ఇది తప్పయితే పొద్దుట కనబడిన వెలుగు కూడా తప్పేనంటారా?" అని గట్టిగానే అడిగాడు.

గురువు కొత్త కాగితం ఇచ్చాడు.

"నానేటీ అనను. పొద్దున్న నోపల సూసింది దీని మీద గియ్యి. సూసినంతే."

అని వంకాయ మొక్కలకి నీళ్లు పెట్టడానికి వెళ్లిపోయాడు.

లోకనాథం గుండ్రంగా ఒక గీత గీశాడు. మధ్యలో చుక్క పెట్టబోయి ఆగాడు. కోపంగా మళ్లీ మైక్రోస్కోపులో కన్ను పెట్టాడు. బుగ్గ కణం పుస్తకంలోలా గుండ్రంగా లేదు, నలిగిన కాగితంలా అంచులు ముడిచి ఉంది. అది తన బుగ్గే. లోపల ఒకే ఒక్క నీలం మచ్చ. మజ్జిగలో చిన్న చిన్న చుక్కలు, పుల్లలు. అంతకు మించి ఏమీ లేదు. ఎంతసేపు చూసినా తోకలు కనిపించలేదు.

అక్కడే కళ్లు మూసుకున్నాడు. చాలాసేపటికి తెరిచేసరికి అరుగు మీది ఎండ తప్పుకుంది. కాగితం తిప్పి రెండో వైపు రాశాడు. ఇది చదివితే రేపే ఇంటికి పొమ్మంటాడని భయం వేసింది. అయినా వెళ్లి రెండు చేతులా ఇచ్చాడు.

"చీకటి. కుడి మోకాలు నొప్పి. సన్యాసమ్మ మీద కుళ్లు."

తవిటయ్య తడిచేతులు పంచెకి తుడుచుకుని, కాగితం అందుకుని రెండుసార్లు చదివాడు.

"ఇది సూసినావు" అన్నాడు. "రేపు తానం సేసి రా."