గవరయ్య మాస్టారి జట్టు పుస్తకాలు జీర్ణం చేసుకున్న వైనం

గెడ్డవానిపాలెం కబడ్డీ జట్టుకి తమ తెలివి మీద అంతా ఇంతా నమ్మకం కాదు. వాళ్ళ కోచ్ గవరయ్య మాస్టారికైతే మరీను. "మిగతా జట్లు ఎండలో ఆడి మాడిపోతాయి. మనం నీడలో ఆడతాం. తెలివంటే అదీ!" అనేవాడు. పొద్దున్నే బడి పక్క ఖాళీ స్థలంలో, వేపచెట్టు నీడ ఎక్కడుంటే అక్కడ సున్నంతో గీతలు గీసేవారు. నీడ జరిగితే గీతలూ జరిపేవారు. అలా జరిగీ జరిగీ సాయంత్రానికి ఎవరి వంగతోటలోనో తేలేవారు. తోటవాడు కర్ర పుచ్చుకుని పరిగెత్తుకొస్తే, "చూశారట్రా, మన ఆట చూడ్డానికి జనం ఎలా ఎగబడుతున్నారో!" అని మాస్టారు మురిసిపోయేవాడు.

ఇంత తెలివి ఉండీ ఆ జట్టు ఒక్క పోటీ గెలవలేదు. చివరికి సర్పంచి వెంకునాయుడు తేల్చి చెప్పేశాడు. "ఇదిగో గవరయ్యా, మండలం పోటీలో ఈ ఏడూ ఓడారంటే ఆ స్థలంలో పశువుల సంత పెట్టించేస్తాను. గేదెలైతే కనీసం ఒకచోట నిలబడతాయి."

ఆ మాటకి మాస్టారికి అన్నం సహించలేదు. భార్య పారమ్మ చూసి చూసి, "టౌన్లో లైబ్రరీ ఉందటగా. కోచ్‌ల కోసం ఏవో పుస్తకాలుంటాయట. పోయి తెచ్చుకోరాదూ" అంది. అంతే, మాస్టారు బస్సెక్కేశాడు.

లైబ్రేరియన్ మంగతాయారు గారు మంచావిడ. నాయకత్వం మీద ఒకటి, జట్టుని గెలిపించడం మీద ఒకటి, రెండు లావుపాటి పుస్తకాలు వెతికి చేతిలో పెట్టింది. "ఆటలు నేర్పేవాళ్ళు తప్పకుండా చదవాల్సినవండీ ఇవి. పైపైన చదివితే లాభం లేదు. లోతుగా చదవండి. మీ పిల్లల చేత కూడా జీర్ణం చేయించండి" అని మరీ మరీ చెప్పింది.

"ఎంత లోతుగానమ్మా?"

"ఎంత లోతుకి దిగితే అంత మంచిదండీ."

ఇంకేముంది! మర్నాడు పొద్దున్నే మాస్టారు నడుముకి మోకు కట్టించుకుని పాడుబడ్డ నూతిలోకి దిగాడు. అడుగున కూర్చుని నాయకత్వం పుస్తకం తెరిచాడు. పైన జట్టంతా నూతి చుట్టూ చేరి చెవులు రిక్కించింది.

"ఒరేయ్! నాయకుడన్నవాడు ఎప్పుడూ జట్టుకి ముందుండాలట!"

"ఎంత ముందు మాస్టారూ?" అని కెప్టెన్ పోలయ్య అడిగాడు.

"అది రాయలేదురా. నువ్వు ముందుండు, చాలు! ఇంకోటి వినండి. జట్టంతా ఒకే తాటి మీద నడవాలట!"

అంతే, అందరూ మోకు అక్కడే వదిలేసి తాటిమొద్దు వెతుక్కుంటూ పోయారు. ఒక మొద్దు దొర్లించుకొచ్చి ఊరి పక్కన పారే గెడ్డకి అడ్డంగా వేశారు. ముందు పోలయ్య ఎక్కాడు. వెనక జట్టంతా బారులు తీరి ఎక్కింది. మొద్దు గుండ్రంగా ఉంటుందని పుస్తకంలో లేదు కదా! గిర్రున తిరిగింది. అందరూ ఒకేసారి నీళ్ళలో పడ్డారు. "చూశారా, పడ్డా కలిసే పడ్డాం. పుస్తకం పనిచేస్తోంది!" అన్నాడు పోలయ్య, జుట్టులోంచి నాచు తీసుకుంటూ.

నూతిలో మాస్టారు మధ్యాహ్నం దాకా అరుస్తూనే ఉన్నాడు. అన్నానికి పిలవడానికొచ్చిన పారమ్మ ఆ గొంతు విని, ఇరుగుపొరుగుల్ని పిలిచి పైకి లాగించింది.

"నూతిలో ఏం చేస్తున్నావయ్యా?"

"చదువుకుంటున్నానే. నీకు తెలీదులే, చాలా లోతైన విషయం."

ఇక జీర్ణం చేయించడం మిగిలింది. జట్టులో అందరికంటే భారీ మనిషి దాలయ్య. ఏది పెట్టినా అరిగించుకుంటాడని పేరు. మాస్టారు జట్టుని గెలిపించే రెండో పుస్తకాన్ని పేజీలుగా చింపి పారమ్మ చేసిన చింతపండు పులుసులో పడేశాడు. దాలయ్య ముక్కు మూసుకుని తిన్నాడు.

"ఎలా ఉందిరా?"

"మొదటి పాఠాలు మెత్తగానే ఉన్నాయి మాస్టారూ. అట్ట దగ్గరే కష్టమైంది."

"పోనీలే. కూతకొచ్చినవాణ్ణి పట్టుకునే పాఠం ఇప్పుడు నీ కడుపులో ఉంది. పోటీలో పట్టే బాధ్యత నీదే."

పోటీ రోజు ఎగువపేటకి జట్టంతా ఆటోలో బయల్దేరింది. పోలయ్య మాత్రం ఎక్కలేదు. ఆటో ముందు పరిగెత్తుతున్నాడు. డ్రైవరు హారన్ కొట్టీ కొట్టీ, "తప్పుకోవయ్యా బాబూ!" అని మొత్తుకున్నాడు.

"ఎలా తప్పుకుంటాను? నేను నాయకుణ్ణి!"

తీరా ఆట మొదలయ్యాక పోలయ్య కూతకి వెళ్ళాడు. 'కబడ్డీ' అనడానికి ఊపిరేదీ? 'క' అని ఆగిపోయాడు. ఆట సగమయ్యేసరికి ఎగువపేట వాళ్ళు ఎక్కడో ఉన్నారు, వీళ్ళు ఎక్కడో ఉన్నారు. జనంలో కూర్చున్న వెంకునాయుడు పక్కవాడితో గేదెల సంగతి మొదలెట్టాడు.

మాస్టారికి గుండె జారిపోయింది. గబగబా మిగిలిన పుస్తకం ఎక్కడో ఒకచోట తెరిచాడు. "ఒరేయ్, 'ప్రత్యర్థిని గౌరవించండి' అనుందిరా!" అన్నాడు, ఏడుపు గొంతుతో.

ఈలోగా ఎగువపేట నుంచి పొడుగాటి మనిషి ఒకడు 'కబడ్డీ కబడ్డీ' అంటూ వచ్చాడు. అంతే, జట్టంతా చేతులు జోడించింది. "రండి బాబూ, రండి! ఇంట్లో అంతా కులాసానా? అమ్మగారి మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి?"

పెద్దామె సంగతి అడిగితే పలక్కుండా ఎలా? "ఆఁ, కాస్త నయమండీ" అనేశాడు. కూత తెగింది. విజిలు మోగింది. అవుటు!

రెండోవాడికి మంచినీళ్ళ చెంబు చూపించారు. "వద్దండీ, ఇప్పుడే తాగొచ్చాను" అన్నాడు. వాడూ అవుటు. మూడోవాడు గట్టిపిండం. ఎంత మర్యాద చేసినా కూత ఆపలేదు. సరిగ్గా అప్పుడు దాలయ్య కడుపులో పుస్తకం 'గుడగుడ' మని పెద్ద చప్పుడు చేసింది. కూతకొచ్చినవాడు పకపకా నవ్వేశాడు. ఇంకేముంది, ఒకరి తర్వాత ఒకరు అవుటైపోయారు. చివరికి ఒక్క పాయింటు తేడాతో గెడ్డవానిపాలెం గెలిచింది!

వెంకునాయుడు తలపాగా ఊడదీసి గాల్లోకి ఎగరేశాడు. "సంతా లేదు, గింతా లేదు! స్థలం మీదేనయ్యా!" అని కేకపెట్టాడు. మాస్టారు కళ్ళు తుడుచుకున్నాడు. జట్టంతా ఆయన్ని భుజాల మీదికెత్తుకుంది.

కప్పు ఇచ్చిన పెద్దమనిషి మైకులో, "ఇది ఒక్కరి గెలుపు కాదు. ఊరంతా సమానంగా పంచుకోవాల్సిన గెలుపు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మాస్టారు మాత్రం ఆ మాట శ్రద్ధగా మనసులో పెట్టుకున్నాడు.

మర్నాడు వెంకునాయుడు పూలదండ, డప్పులవాళ్ళతో మాస్టారింటికొచ్చాడు. "కప్పు ఊరేగిద్దామయ్యా. ఏదీ, ఇలా తే!"

మాస్టారు నవ్వుతూ జేబులో చెయ్యిపెట్టి మెరిసే రేకుముక్క ఒకటి తీశాడు.

"ఇదిగోండి, మీ వాటా. మిగతా ఊరందరికీ పొద్దున్నే పంచేశాం. అంచు వాడిగా ఉంది, చెయ్యి జాగ్రత్త."