పొలుసమ్మకి దొరికిన చిన్న పని

రండర్రా, ఇంకాస్త దగ్గరికి జరగండి. గుమ్మంలో నిలబడ్డవాళ్ళు కూడా లోపలికొచ్చి చాప మీద కూర్చోండి. ఇవాళ తికమకపడ్డ ఒక అలుగు కథ చెబుతాను.

అనగనగా ఒక అడవి, ఆ అడవిలో ఒక వాగు, ఆ వాగు ఒడ్డున ఒక బొరియ. అందులో పొలుసమ్మ అనే అలుగు ఉండేది. అలుగంటే తెలుసుగా? ఒళ్ళంతా పెంకుల్లాంటి పొలుసులు. చీమల్ని తింటుంది. పిల్లని తోక మీద ఎక్కించుకుని తిరుగుతుంది. భయమేసినా, ఏం తోచకపోయినా పిల్లతో సహా ఉండలా చుట్టుకుపోతుంది.

ఆ అడవిలో జంతువులకి కంప్యూటర్లు ఉండేవి. ఎక్కణ్ణించి వచ్చాయని అడక్కండి, ఉండేవంతే.

పోయిన వానాకాలం వాగు పొంగి నీళ్ళు బొరియలోకి వచ్చేశాయి. కొట్టుకుపోతున్న పిల్లని పొలుసమ్మ గోళ్ళతో పట్టి లాగింది. మళ్ళీ వానలు వచ్చేలోగా, నీళ్ళు పెరగ్గానే గంట మోగించే ప్రోగ్రాం ఒకటి రాయాలని ఆ రోజే అనుకుంది.

కొండముచ్చు పంతులుగారి దగ్గర ప్రోగ్రాం రాసే పాఠాలన్నీ నేర్చుకుంది. గడగడా అప్పజెప్పేది. తీరా సొంతంగా రాయబోతే ఒక్క ముక్క తోచేది కాదు. ఆ మాటే పంతులుగారితో చెప్పుకుంది. మన అడవిలో చాలామంది తాము రాసిన ప్రోగ్రాం దాచుకోరని, అందరికీ తెరిచి పెడతారని, ఎవరైనా చదవచ్చు, తప్పుంటే దిద్దచ్చు అని ఆయన చెప్పాడు. దాన్నే ఓపెన్ సోర్స్ అంటారట. అలాంటి చోట చేరి, పని చేస్తూ నేర్చుకోమన్నాడు.

"ఎవరి దగ్గర చేరమంటారు పంతులుగారూ?" అంది పొలుసమ్మ.

"అది నువ్వే చూసుకోవాలమ్మా" అని ఆయన ఇంకో కొమ్మ మీదికి దూకేశాడు.

పెద్దవాళ్ళ దగ్గర పెద్ద విద్య వస్తుంది కదా అని పొలుసమ్మ ముందు ఏనుగుల దగ్గరికి వెళ్ళింది. అడవిలో దారులన్నీ చూపించే ప్రోగ్రాం వాళ్ళది. తెరిస్తే చదివేకొద్దీ వస్తూనే ఉంది. ఎక్కడ మొదలో, ఎక్కడ చివరో తెలియలేదు. ఏనుగులు మంచివాళ్ళే కానీ, వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకునేది ఒక్కటీ అర్థం కాలేదు. అడుగుదామనుకుని, అడగలేక ఉండ చుట్టుకుంది.

"అమ్మా, మళ్ళీనా?" అంది లోపల్నించి పిల్ల.

తరవాత నెమలి దగ్గరికి వెళ్ళింది. అడవి అంతా మెచ్చుకునే ప్రోగ్రాం. కొత్తవాళ్ళకి స్వాగతం అని పైన పెద్ద అక్షరాలతో రాసి ఉంది. పొలుసమ్మకి ప్రాణం లేచొచ్చింది. ఒక సందేహం రాసి పెట్టి, జవాబు కోసం కూర్చుంది. కూర్చునే ఉంది. నెమలి జాడ లేదు. కిందికి చూస్తే పోయిన ఏడాది ఒక జింక అడిగిన సందేహం కూడా అలాగే పడి ఉంది. రమ్మన్నవాళ్ళు ఇంట్లో లేకపోవడమేమిటో పొలుసమ్మకి అంతు పట్టలేదు. మళ్ళీ ఉండ.

ఆకాశంలో మబ్బులు మొదలయ్యాయి.

అప్పుడు, సుత్తితో కొట్టినట్టు టుక్ టుక్ మని కూసే కంసాలి పిట్ట ప్రోగ్రాం కనిపించింది. ఏ చెట్టుకి పండ్లున్నాయో చెప్పే చిన్న ప్రోగ్రాం. చీమలు తినే నాకు పండ్లతో ఏం పని అని దాటిపోబోయింది. కానీ అక్కడ నిన్న ఒక తొండ అడిగిన వెర్రి ప్రశ్నకి నిన్ననే జవాబు ఉంది. పక్కనే కొన్ని పనులు విడిగా ఉన్నాయి. పాతవాళ్ళకి అవి చిటికెలో అయిపోతాయి. అయినా ముట్టుకోరు. కొత్తగా వచ్చేవాళ్ళ కోసం వదిలేస్తారు. అది అక్కడి పద్ధతి.

అందులో ఒకటి తీసుకుంది పొలుసమ్మ. చెట్టు మీద పండ్లు, ఇన్ని అని ముందే పెట్టుకున్న గుర్తు కంటే తగ్గితే, అయిపోయాయని ప్రోగ్రాం చెప్పాలి. రాసింది. ఎవరికైనా చూపిద్దామంటే సిగ్గేసింది. చూపించకుండానే ప్రోగ్రాంలో పెట్టేసింది.

తెల్లారేసరికి పండ్లు విరగకాసిన చెట్లన్నీ ఖాళీ అని చెప్పింది ప్రోగ్రాం. పండ్లు తిని బతికే పిగిలి పిట్టలు ఆ మాట నమ్మి, ఆకలితో అరుచుకుంటూ అడవంతా తిరిగాయి. పొలుసమ్మ ఉండ చుట్టుకుంది.

కంసాలి పిట్ట వచ్చి పొలుసుల మీద ముక్కుతో టుక్ టుక్ మని తట్టింది.

"చెల్లీ, లోపల ఉన్నావా?"

"లేను అన్నయ్యా."

"లేకపోతే లేవులే. రాసింది మాత్రం చూపించు. ఇక్కడ చెడగొట్టని వాళ్ళెవరూ లేరు. నేను మొదటిసారి రాసినప్పుడు మామిడిచెట్టుకి పనసపళ్ళు కాశాయని చెప్పింది నా ప్రోగ్రాం. కోతులు ఇప్పటికీ ఆ చెట్టెక్కడని అడుగుతుంటాయి."

లోపల పిల్ల కిసుక్కున నవ్వింది. పొలుసమ్మ మెల్లగా విప్పుకుంది. ఇద్దరూ కలిసి చూశారు. తగ్గితే అని రాయాల్సిన చోట పెరిగితే అని రాసింది.

పొలుసమ్మ ఆ వరస వంక అలాగే చూస్తుండిపోయింది. గుర్తు కంటే పెరిగితే చెప్పు. తన వాగుకి కావలసింది అదే కదా.

పండ్ల తప్పు దిద్దింది. తరవాత గంట ప్రోగ్రాం రాసి, ఈసారి కంసాలి పిట్టకి చూపించాకే వాగు దగ్గర పెట్టింది. మొదట ఒక అడవిదున్న నీళ్ళలో పడుకుంటే మట్టం లేచి గంట మోగి, ఒడ్డున బొరియలవాళ్ళందరూ ఊరికే గట్టెక్కి పొలుసమ్మని తిట్టారు. మళ్ళీ అడిగింది, మళ్ళీ దిద్దింది.

ఆ వారంలోనే ఒక తెల్లవారుజామున వాగు పొంగింది. గంట మోగింది. అందరూ పిల్లల్ని తీసుకుని గట్టెక్కాక నీళ్ళు బొరియల్లోకి వచ్చాయి. పొలుసమ్మ తోక మీద పిల్ల ఒక్క చుక్క తడవకుండా నిద్రపోతోంది.

"ఇంత మంచి గంట ఎలా చేశావు వదినా?" అంది ముళ్ళపంది.

"పండ్ల లెక్క తప్పు రాసి" అంది పొలుసమ్మ. ముళ్ళపంది తెల్లమొహం వేసింది. "తెరిచే ఉంచాను, వచ్చి చూడు. అర్థం కాకపోతే అడుగు, నేను ఇక్కడే ఉంటాను."

నీతి: నేర్చుకోవాలంటే పేరు గొప్ప చోటు కాదు, మన చేతికందే పని, అడిగితే పలికే మనిషి ఉన్న చోటు వెతుక్కోవాలి. అక్కడ తప్పు దాచుకోకుండా చూపించాలి.

సరే, ఇళ్ళల్లో అన్నాలు చల్లారిపోతుంటాయి. లేవండి, వెళ్ళి తినండి.