ఆకుల గుట్ట కింద వీరుడు

వీరుడి విగ్రహం మెడలో దండ వేసేటప్పుడు మీలో ఎవరైనా, పోనీ ఒక్కసారైనా, ఆయన అసలు ఎలా పోయాడని అడిగారా? అడిగి ఉండరు. ముందున్నవాడు వేశాడు, వెనకున్నవాడు తోస్తున్నాడు, మనమూ వేసేసి పక్కకి తప్పుకుంటాం. ఇప్పలకోన అడవిలో జంతువులూ అంతే. కాకపోతే వాటికి దండలు లేవు, పచ్చి రెమ్మలున్నాయి.

ఆ కోనలో తూర్పు చరియ కింద పెద్ద ఆకుల గుట్ట ఉండేది. ఆ పక్కగా వెళ్ళే ప్రతి ప్రాణీ ఓ పచ్చి రెమ్మ దానిమీద వేసి, తల వంచి, వీపు చూపకుండా వెనక్కి నడవాలి. వేసిన ఆకు ఎత్తకూడదు. ఎత్తితే నాలుక ఊడి పడిపోతుంది. ఈ కట్టుబాటు పెట్టింది సుబుద్ధి అనే నక్క. గుట్ట కింద ఉన్నది బలభద్రం అనే అడవిదున్న, పులిని తరిమిన వీరుడు.

"తూర్పు చరియ వైపు పులి తిరుగుతోంది, ఎవరూ రావద్దు, మీ కోసం నేనొక్కణ్ణే కాపలా ఉంటా" అని బలభద్రం రోజూ పొద్దున్నే వెళ్ళేవాడు, పొద్దు వాలాక వచ్చేవాడు. ఓ రోజు రాలేదు. సుబుద్ధి మాత్రం గుండెలు బాదుకుంటూ వచ్చాడు. "పులి మీద పడింది. వీరుడు కుమ్మి కుమ్మి తరిమాడు. ఆ ఊపులో కాలికి ముల్లు దిగి తూలిపడ్డాడు. భూదేవి తట్టుకోలేక తనే ఒళ్ళోకి తీసుకుని మట్టి కప్పేసింది. ఇక మీదట ఆయన స్థానంలో నేనుంటాను." కోనంతా ఏడ్చింది. ఏడుపు అయ్యాక కాపలావాడికి ఆకలేస్తుందని అడవికోళ్ళు గుడ్లు పంపడం మొదలుపెట్టాయి.

మండువేసవి వచ్చింది. కోనంతటికీ ఒక్కటే చెలమ మిగిలింది. అప్పుడు నిండు సభలో సుబుద్ధికి కొత్త సంగతి గుర్తొచ్చింది.

"ఆ ముల్లు ఎవరిదో ఇన్నాళ్ళూ చెప్పలేక కుమిలిపోయాను. ముళ్ళపంది సూరమ్మది! పులితో కుమ్మక్కై దారిలో పరిచింది. గుట్ట పక్కనే బొరియ పెట్టుకుని ఉండటానికి ఆవిడకేం పని?"

సభ భగ్గుమంది. పెద్దరికం చేసే ముసలి కణుజు జింక కొమ్ములు ఊపాడు. రేపు పొద్దున్నే సూరమ్మని, పిల్లలతో సహా, కొండ అవతలికి తరిమెయ్యాలని తీర్మానం. కొండ అవతల చుక్క నీరుండదు. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు.

ఇదంతా పైకొమ్మ మీంచి ఒక గోరువంక వింది. కోనలో ఈ కొస కబురు ఆ కొసకి మోసేది ఆవిడే. మోసేముందు నలుగురినీ నాలుగు ప్రశ్నలడుగుతుంది గనక అందరూ ఆరాలమ్మ అంటారు. మెచ్చుకుని కాదు, విసుక్కుని. "దున్నంత దున్నని కప్పడానికి భూదేవికి ఆ రోజే తీరిక దొరికిందా?" అనుకుంటూ ఆవిడ నేరుగా సూరమ్మ బొరియ దగ్గర వాలింది.

"దేనికొచ్చావమ్మాయ్? రేపు మేం ఎలా ఏడుస్తామో ఇవాళే చూసి పోదామనా?" అంది సూరమ్మ, ముళ్ళు నిక్కబొడుచుకుని.

"ఏడుపు కబుర్లు నేను మొయ్యను అత్తా. బలభద్రం పోయిన రోజు నువ్విక్కడే ఉన్నావా?"

"ఎక్కడికి పోతాను, ఒళ్ళో పసిగుడ్లు. దబ్బుమని చప్పుడైంది. బొరియంతా అదిరి పిల్లల మీద మన్ను రాలింది."

"పులి గాండ్రించిందా?"

"లేదు. అదే చెప్పాను సభలో. నా మాట ఎవరు విన్నారు? పులి ఊసెత్తని సాక్ష్యం ఎవరిక్కావాలి?"

ఆరాలమ్మ అక్కణ్ణుంచి గుట్ట దగ్గరికి ఎగిరింది. మీదంతా సీతాకోకచిలుకలు. పక్కనే సుబుద్ధి గుడ్డు పెంకు నాకుతూ పడుకున్నాడు.

"చూశావా పిట్టమ్మా, రెక్కల పురుగులు కూడా వీరుడికి మొక్కుతున్నాయి!"

"పూలు లేని చోట వాటికేం పని సుబుద్ధిగారూ?"

"భక్తి!"

"ఓహో. మరి చెలమ గట్టున తడిమన్ను మీదా ఇలాగే మూగుతాయి. అక్కడ ఎవరు పోయారో?"

సుబుద్ధి పెంకు పక్కన పెట్టాడు. "నీ నాలుక పొడుగు, ఆరాలమ్మా. నాలుకలు ఊడే చోటిది. కాస్త దూరంగా ఎగురు."

నక్క బెదిరించిందంటే ఎక్కడో తోక నలిగిందన్నమాటే. ఆరాలమ్మ దూరంగానే ఎగిరింది, బలభద్రం భార్య గౌరమ్మ దగ్గరికి. ఆవిడ వెదురు నీడలో దూడని పక్కనేసుకుని ఉంది. దూడ రాళ్ళు నాకుతోంది.

"నా మొగుడు వీరుడు. ఇంకేం అడక్కు" అంది గౌరమ్మ, పిట్ట వాలకముందే.

"నేనింకా అడగందే!"

"అడుగుతావు. నీ పేరే అది."

"సరే అడుగుతున్నా. రేపు సూరమ్మ పిల్లలు నాలుకలు ఎండి చస్తారు. ఆయన కాలికి ముల్లు దిగిందని నువ్వు నమ్ముతున్నావా అత్తా?"

గౌరమ్మ చాలాసేపు తోకతో ఈగలు తోలింది. "నా దూడకి తండ్రి పేరు తప్ప ఏముంది?"

"ఆ పేరు చెప్పేగా సూరమ్మ పిల్లలకి నీళ్ళు లేకుండా చేస్తున్నారు."

గౌరమ్మ దూడ వైపు చూసింది. "ఆయనుండగా వీడు రాళ్ళు నాకేవాడు కాదు" అంది ఎట్టకేలకు. "ఆయన కాపలా నుంచి వచ్చి వీడి మొహం నాకేవాడు. తరవాత నేను నాకితే ఉప్పగా తగిలేది. మొదట చెమట అనుకున్నాను. రోజూ అంత చెమటా? ఒకరోజు వెనకే వెళ్ళాను. చరియలో ఉప్పుమన్ను ఉంది ఆరాలమ్మా. మన తాతలు చెప్పేవారే, ఎక్కడో పోగొట్టుకున్నామని, అదే. పులి లేదు, ఏమీ లేదు. కొమ్ములతో తవ్వుకుంటూ, నాకుతూ, మెడ దాకా లోపలికి దూరి ఉన్నాడు. నక్క బయట కాపలా."

"కింద అంతా తొలిచేస్తే పైన చరియ నిలుస్తుందా?"

"నిలవలేదుగా!"

"ఇదే మాట రేపు సభలో చెప్పు."

"చెప్పను. నా నోటితో ఆయన్ని కిందికి లాగలేను. వెళ్ళు."

ఆరాలమ్మ వెళ్ళింది. తను చెబితే పిట్టకూత అంటారు. గుట్ట విప్పి చూపిద్దామంటే ఆకు ముట్టే ధైర్యం ఏ ఒక్కరికీ లేదు. మంచినీళ్ళ కంటే ఎక్కువగా వాళ్ళందరూ తాగింది ఆ భయాన్నే. ముల్లుని ముల్లుతోనే తియ్యాలి, భయాన్ని భయంతోనే. ఆ ఆలోచన రాగానే ఆవిడకి కాస్త నవ్వొచ్చింది.

తెల్లారింది. గుట్ట ముందు కోనంతా చేరింది. సూరమ్మ పిల్లల్ని పొట్ట కిందికి లాక్కుని నిలబడింది.

"ఇంక మాటలెందుకు, తరమండి" అన్నాడు సుబుద్ధి.

"తరమండి, నేనడ్డం కాదు" అంది ఆరాలమ్మ కొమ్మ మీంచి. "ఒక్క సందేహం తీర్చండి చాలు. ఈ గుట్టమీద ఆకు ఎవరెత్తినా నాలుక ఊడుతుందా?"

"ఎవరెత్తినా!"

"మంచివాళ్ళకి కూడా?"

"మంచివాళ్ళకి కాస్త ఆలస్యంగా. ద్రోహులకైతే ముట్టుకోగానే!" అన్నాడు సుబుద్ధి, ఎందుకైనా మంచిదని.

"మరింకేం కణుజు తాతా! ఈ ఎండలో కొండ దాకా తరమడం మనకెందుకు? సూరమ్మ చేతే ఆకులెత్తిద్దాం. ముట్టుకోగానే నాలుక ఊడిందా, ద్రోహం రుజువైపోతుంది. మనకి పాపమూ అంటదు, కాళ్ళూ కాలవు."

గుంపుకి ఈ మాట తెగ నచ్చింది. ఊడిపడే నాలుకని ఎవరూ చూసి ఉండలేదు మరి. "ఎత్తించండి! ఎత్తించండి!" అని ముందుకి తోసుకొచ్చారు.

"వద్దు! అపచారం!" సుబుద్ధి గుట్టకి అడ్డం పడ్డాడు.

"ద్రోహికి శిక్ష పడితే అపచారమా?"

"అది కాదు... ఆవిడకి శాపం తగలదు. ఒళ్ళంతా ముళ్ళు కదా."

"నాలుక మీద కూడానా?" అంది ఆరాలమ్మ. కోతులు పకపకా నవ్వాయి. "తగలదంటే ఇన్నాళ్ళూ మేం దేనికి భయపడ్డట్టు? తగులుతుందంటే ఎత్తనివ్వండి. ఏదో ఒకటి తేల్చండి బాబూ, ఎండెక్కుతోంది."

"పులి వస్తుంది!"

"వస్తే మీరున్నారుగా. అన్ని గుడ్లు తిన్నదెందుకు?"

కణుజు తాత కాలితో నేల తట్టాడు. "సూరమ్మా, ఎత్తు."

సూరమ్మ పైకి చూసింది. "అమ్మాయ్, నన్నే ముంచుతున్నావా?"

"ఎత్తు అత్తా. తరవాత ఆ నాలుకతోనే నన్ను తిడుదువుగాని."

సూరమ్మ కళ్ళు మూసుకుని రెమ్మ లాగింది. పచ్చాకు కింద పండుటాకు, దాని కింద కుళ్ళినాకు. నాలుక ఊడలేదు. ఆవిడ కళ్ళు తెరిచి, ఇంకా లాగింది, ఈసారి కసిగా. అడుగున తడిమట్టి బయటపడింది, తెల్లగా పొక్కులు కట్టి. దానిలో కొమ్ములు తోడిన చారలు, నాలుక నున్నగా అరగదీసిన గుంటలు. చరియ విరిగి పడిన మట్టిలోంచి ఒక కొమ్ము కొస పైకి కనబడుతోంది.

ఒక చుక్కలేడి తడబడుతూ ముందుకొచ్చి మట్టికి మూతి ఆనించింది. తల ఎత్తి, "ఉప్పు" అంది.

సీతాకోకచిలుకల భక్తి దేనిమీదో తేలిపోయింది, గుంపంతా మట్టి మీద పడింది. కోనలో నాలుకలు అంతగా పనిచేసిన రోజు మరొకటి లేదు. ఒక్కటీ ఊడలేదు.

ముందుగా తేరుకున్నది కణుజు తాత. "అందుకా రోజూ సాయంత్రం చెలమ సగం తాగేసేవాడు! కాపలాతో అలిసిపోయాడు పాపమని నేనే పక్కకి జరిగేవాణ్ణి. ఉప్పు తిన్నవాడికి నీళ్ళు తాగక తప్పుతుందా! మరి పులి? పులి సంగతి కూడా అబద్ధమేనా?"

"అబద్ధం కాదు." గౌరమ్మ గుంపుని చీల్చుకుని వచ్చింది, వెనకే దూడ. "ఒకసారి నిజంగానే వచ్చింది, నిజంగానే తరిమాడు. ఆ ఒక్క రోజునీ బతికినన్నాళ్ళూ తిన్నాడు. ఆయన పోయాక ఈ సుబుద్ధి తిన్నాడు." దూడని ముందుకి తోసింది. "నాకరా. ఇది మీ నాన్నది కాదు, అందరిదీ."

ఈలోగా సుబుద్ధి ఒక్కో అడుగే వెనక్కి వేస్తున్నాడు, అదీ వీపు చూపకుండా. సొంత కట్టుబాటు మర్చిపోనందుకు మెచ్చుకోవాలి. అడవిపందులు వెనక దారి మూసి, కొండ వైపు దారి వదిలాయి.

"అన్నల్లారా, కొండ అవతల నీళ్ళుండవు కదా!"

"నిన్న సూరమ్మ పిల్లల్ని పంపేటప్పుడు ఈ ముక్క గుర్తు రాలేదే?" అన్నాడు కణుజు తాత. తన గొంతు కూడా నిన్న లేవలేదని గుర్తొచ్చిందేమో, ఆ తరవాత తల ఎత్తలేదు.

నక్క కొండెక్కింది. ఆరాలమ్మ ఆ కబురు కోన ఈ కొస నుంచి ఆ కొసకి మోసింది. ఈసారి ఎవరూ విసుక్కోలేదు, నాలుగు రోజులు.

నీతి చిన్నదే: ఎత్తి చూడొద్దని గట్టిగా చెప్పిన చోటే, ఎత్తి చూడాల్సిందేదో ఉంటుంది.

కథ బాగుందని చప్పట్లు కొట్టకండి. ఇంటికెళ్ళే దారిలో మీరు రోజూ తల వంచే గుట్ట ఒకటి ఉండే ఉంటుంది. రేపు దానిమీద రెమ్మ వెయ్యకండి. ఒక్క ఆకు ఎత్తండి.