పేరెత్తకూడని గుంపు

అనగనగా గవరమ్మ అనే తీతువు పిట్ట. ఆమెకి మూడేళ్ళు. నాలుగడుగులు పరుగెత్తడం, ఆగి చుట్టూ చూడడం ఆమె అలవాటు. అనగనగా అన్నానని మరీ పాతకాలం అనుకునేరు పిల్లలూ! ఈమధ్యనే, ఒక అడవిలో, వాగొడ్డు పక్షుల గుంపులో ఆమె కొత్తగా చేరింది.

గుంపు పెద్ద కొంగయ్య. కొత్తగా ఎవరొచ్చినా మెడ సాచి కట్టుబాట్లు అప్పజెప్పేవాడు. గట్టిగా అరవరాదు. పెద్దలకు ఎదురుచెప్పరాదు. ఎవరినీ పేరెత్తి నిందించరాదు. తప్పితే ముక్కుకి జమ్ముగడ్డి కట్టేస్తారు.

గవరమ్మ గులకరాళ్ళ మధ్య నాలుగు గుడ్లు పెట్టింది. మర్నాడే ఆ గుంపులోని కాకయ్య వచ్చి ఒకటి మింగిపోయాడు. గవరమ్మ కళ్ళారా చూసింది.

"అయ్యా, నా గుడ్డు ఒకరు తినేశారు" అంది గుంపులో.

"ఒకరంటే ఎవరమ్మా? ఆధారంలేని మాటలు ఆడకూడదు" అన్నాడు కొంగయ్య.

రెండో గుడ్డూ పోయింది. "అయ్యా, అతను నల్లగా ఉంటాడు, కావుకావుమంటాడు..."

"ఒకరి రంగు ఎత్తిచూపుతావా? ఎంత పాపం!" అని కొంగయ్య కళ్ళు మూసుకుని జపంలోకి జారాడు.

బాతమ్మ చాటుగా వచ్చింది. "నా గుడ్లూ వాడే తిన్నాడు వదినా. భలే మాట్లాడావు!"

"మరి అక్కడ నోరు విప్పలేదేం?"

"అమ్మో, గుంపులోంచి తీసేస్తే!"

మూడో గుడ్డు పోయింది. గవరమ్మ ఇక ఆగలేదు. "తిన్నది కాకయ్యే!" అని వాగంతా దద్దరిల్లేలా అరిచింది.

"చూశావా బాబాయ్, నా పరువు తీసేసింది!" అని కాకయ్య రెక్కలు కొట్టుకున్నాడు. మూతికి సొన ఇంకా ఆరలేదు.

"నిన్నగాక మొన్న వచ్చినదానివి. మనవాడి బతుకు పాడుచేస్తావా?" అని కొంగయ్య గవరమ్మ ముక్కుకి గడ్డి కట్టించాడు.

అదే అదనుగా కాకయ్య అందరి ముందే నాలుగో గుడ్డు మీద వాలాడు. గవరమ్మ అరవలేక గిలగిల్లాడింది. అప్పుడు బాతమ్మ గొంతు పెగిలింది. "కాకయ్య! కాకయ్య!" ఆ వెంటనే కంజుపిట్ట కంజమ్మ అరిచింది. ఆ పైన గుడ్లు పోగొట్టుకున్న తల్లులందరూ అరిచారు. కాకయ్య గుడ్డు వదిలి ఎగిరిపోయాడు.

"అందరికీ కట్టండి!" అని కొంగయ్య కేకలేశాడు. ముక్కులు ఎక్కువయ్యాయి, గడ్డి చాల్లేదు.

తల్లులంతా గవరమ్మ ముక్కుకున్న గడ్డి విప్పేసి, గుంపు వదిలేశారు. మిగిలింది కొంగయ్య, తిరిగొచ్చిన కాకయ్య. "ఇప్పుడెంత ప్రశాంతంగా ఉందో!" అని ఒకరినొకరు మెచ్చుకున్నారు.

గవరమ్మ నాలుగో గుడ్డుని పొదిగి, పిల్లని వెంటబెట్టుకుని ఎగువకు వెళ్ళిపోయింది. మళ్ళీ ఏ గుంపులోనూ చేరలేదు.

నీతి: దొంగతనం కన్నా దొంగ పేరు చెప్పడమే పెద్ద తప్పయిన చోట, కట్టుబాట్లు దొంగ కోసమే పెట్టారని తెలుసుకోండి.