నక్క కొట్లో మడత సైకిల్ బోణీ

ఎర్రగుట్ట అడవిలో సంత జరిగే చోట, వాగుకు ఇవతల, నక్క కొండలరాయుడికి ఒక సైకిల్ కొట్టు ఉండేది. ఇప్పటికీ ఉంది. కాకపోతే అప్పటి కొట్టు వేరు, ఇప్పటి కొట్టు వేరు. ఆ మార్పులో నా నోటికి కూడా కాస్త వాటా ఉంది కాబట్టి ఈ కథ నేనే చెప్పాలి. నేను మేకను. పేరు నరసక్క. కనిపించిందల్లా నములుతానని నాకు చెడ్డపేరు. నమిలితే నమిలాను, ఎవరి సొమ్మేం పోయింది?

అసలు కథ నాది కాదు, ముంగిస చెంచమ్మది. మా అడవికంతటికీ మంత్రసాని ఆవిడే. నా పిల్లలిద్దరూ ఆవిడ చేతుల్లోనే పడ్డారు. చిన్నవాడు అడ్డం తిరిగితే పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా పక్కనే కూర్చుని, "ఏం కాదే నరసీ, నేనున్నాగా" అంటూనే వాణ్ణి బయటికి తీసింది. పురుడు పోసినందుకు ఇంతని ఎన్నడూ అడగలేదు. ఎవరికి తోచినంత చింతపండు వాళ్ళు పెట్టేవాళ్ళు, అదే పుచ్చుకునేది.

అలాంటి మనిషికి, మనిషి అంటే ముంగిసే అనుకోండి, మోకాళ్ళు అరిగిపోయాయి. పోయిన వానల్లో వాగవతలి కుందేలు ఇంటినుంచి కబురొస్తే, పడుతూ లేస్తూ వెళ్ళేసరికి ఆలస్యమైపోయింది. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. కుందేలు ఆవిడను ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే చెంచమ్మను తినేసింది.

"ఇంకో ఇంట్లో ఇలా జరిగితే ఈ పని మానేస్తాను నరసీ" అంది నాతో.

ఆవిడ మానేస్తే మా గతేం కాను? సైకిల్ కొనుక్కోమని పోరాను. కానీ వాగు దాటించేది గేదె ఎర్రక్క. ఆవిడ వీపే మాకు పడవ.

"నువ్వు కూర్చో, నీ సంచీ పెట్టుకో, నాకేం బరువు కాదు" అంది ఎర్రక్క. "నిలువు సైకిల్ మాత్రం ఎక్కించనమ్మా. అది ఒరిగిందంటే ఇద్దరం మునుగుతాం. మడత పెట్టి ఒళ్ళో పెట్టుకునేది దొరికితే తెచ్చుకో."

మడత సైకిళ్ళు అమ్మేది కొండలరాయుడు ఒక్కడే. మా సంతలో డబ్బంటే చింతపండే. చెంచమ్మ దగ్గర ఉన్నది ఒకే ఒక్క మూట. పులుసులో వేసుకోకుండా ఏళ్ళ తరబడి దాచుకున్నది. అది పోతే మళ్ళీ అంత కూడబెట్టే ఓపిక ఆ వయసులో ఎక్కడిది?

అందుకని ముందు ఎద్దు ఓబులన్న దగ్గరికి వెళ్ళాం. ఆయన బండి లాగినవాడు. ఏ మాటైనా నెమరేసి గానీ బయటికి వదలడు.

"రంగు చూసి మురిసిపోకమ్మా" అన్నాడు చాలాసేపటికి. "మడతపడే చోట ఒక గొళ్ళెం ఉంటుంది. సైకిల్ ప్రాణమంతా అందులోనే. తొక్కేటప్పుడు అది ఊడిందా, సైకిల్‌తో పాటు నువ్వూ మడతపడతావు."

"గట్టిగా నిలిచేదో కాదో కొట్లో ఎలా తెలుస్తుందన్నా?" అంది చెంచమ్మ.

"వాడిచేతే తొక్కించు. సంత మొదలవకముందే, బోణీ వేళకు వెళ్ళు. బోణీ సరుకుని అమ్మినవాడే గడప దాటించాలని మన సంతలో పట్టింపు ఉందిగా. కొండలరాయుడికి దేవుడంటే భయం లేదు గానీ బోణీ అంటే భయం ఉంది."

తెల్లారి సంతరోజు. చెంచమ్మ మూట నెత్తిన పెట్టుకుని బయల్దేరింది. నేనూ వెంట వెళ్ళాను. సాయానికే వెళ్ళాను. కొట్టు గుమ్మానికి మామిడాకుల తోరణం ఉంటుందన్న సంగతి దారిలో గుర్తొచ్చింది, అంతే.

కొండలరాయుడు అగరొత్తులు వెలిగించి, తోకతో గల్లాపెట్టె తుడుస్తున్నాడు. "రా చెంచమ్మక్కా, రా. నీ చేత్తో బోణీ అయితే నాకింకేం కావాలి? ఏయ్ నరసీ, తోరణం వదులు."

చెంచమ్మ నేరుగా మూలకు వెళ్ళింది. అక్కడ రంగు వెలిసిన నల్ల సైకిల్ ఒకటి ఉంది. మడత పెట్టింది, విప్పింది. గొళ్ళెం టక్కుమని పడింది. చంకన పెట్టుకుని గుమ్మం దాకా నడిచి వెనక్కి వచ్చింది.

"ఇదెంత రాయుడూ?"

"రెండు మూటలక్కా. చూడ్డానికలా ఉంది గానీ, అలాంటి ఇనుము ఇప్పుడు రావట్లేదు."

"నా దగ్గర ఒకటే ఉంది. కాస్త చూసి చెప్పు."

"నీకు తెలియనిదేముంది, పిల్లలున్నవాణ్ణి. పెద్దమ్మాయి కడుపుతో ఉంది, ఖర్చులు. నీ మూటకు సరిపోయేది ఇదిగో." వాడు గుడ్డ తొలగించాడు. లోపల వెండి రంగు సైకిల్ తళతళలాడుతోంది. "ఈకలా తేలిక. నీ కోసమే తెప్పించినట్టుంది."

"మడత పెట్టి చూపించు."

"కొత్తది కదక్కా, మడత బిగుసుకుని ఉంటుంది. నాలుగు రోజులు తొక్కితే దానంతటదే వదులవుతుంది."

దానంతటదే వదులవుతుందన్నది మాత్రం నిజమే. వాళ్ళలా బేరంలో ఉండగా నా ముక్కుకు ఒక వాసన తగిలింది. పైన రంగు వాసన, కింద అరటినార వాసన. మడత దగ్గర చుట్టూ బిగించి కట్టి, మీద వెండి రంగు పూసి ఉంది. ఎందుకు కట్టారా అని నేను ఆలోచించానంటే అబద్ధమే అవుతుంది. అరటినార కనిపించాక మేక ఆలోచించదు. రంగు కాస్త చేదనిపించింది గానీ నార బాగుంది.

చెంచమ్మ ఓబులన్న మాట మరవలేదు. మూట వాడి చేతిలో పెట్టి, "సరే, గడప దాటించి అప్పగించు" అంది.

"అయ్యో, అదెంత భాగ్యం" అన్నాడు కొండలరాయుడు. జంకు లేకుండా అన్నాడు, ఎందుకంటే విరిగిపోయిన గొళ్ళేనికి నార కట్టింది తనే. గడప దాకా ఏం ఖర్మ, సంత చివరి దాకా ఆగుతుందని వాడి నమ్మకం. ఆ తర్వాత వాగుకు వెళ్ళే దిగుడు బాటలో, రాళ్ళ మధ్య, ముసలి ముంగిస ఏమైతే వాడికేం? ఇది చెబుతుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతోంది.

వాడు దర్జాగా ఎక్కాడు. తోక ఊపాడు. రెండు తొక్కులు తొక్కి గడప మీదికి వచ్చేసరికి ముందు చక్రం వెళ్ళి వెనక చక్రాన్ని కరుచుకుంది. కొండలరాయుడు మధ్యలో ఉండిపోయాడు. తోక గొలుసులో, మూతి బ్రేకుల్లో.

సంతకొచ్చే వాళ్ళ మాటలు దూరంనుంచి వినపడుతున్నాయి.

"అక్కా, నన్ను బయటికి తీయి" అన్నాడు సన్నగా. "ఎవరైనా చూస్తే నా కొట్టు మూతపడుతుంది."

"తన్నుకోకు. మెల్లగా ఊపిరి పీల్చుకో" అంది చెంచమ్మ. నా పురుటప్పుడు నాతో ఏ గొంతుతో అందో అదే గొంతు. నాకు నవ్వాగలేదు. ఆవిడ మాత్రం నవ్వకుండా, వాడికి నొప్పి తగలకుండా, ముందు తోకనూ తర్వాత మూతినీ విడిపించింది.

వాడు లేచి మడత వంక చూశాడు, నా వంక చూశాడు. నా పెదవి చివర వెండి రంగు నారపోగు ఒకటి ఇంకా వేలాడుతోంది.

"గొళ్ళెం ఏదీ రాయుడూ?" అంది చెంచమ్మ.

వాడు తల దించుకున్నాడు. "నీ మూట నీకిచ్చేస్తానక్కా. పట్టుకుపో."

"బోణీ వెనక్కి తిరిగిపోతే ఆపైన నీకు బేరాలేం సాగుతాయి? మూట నీ దగ్గరే ఉండనీ. ఆ మూలనున్న నల్లది గడప దాటించు."

వాడు నల్ల సైకిల్ ఎక్కి, గడప దాటించి, దిగి, సీటు కిందికి దించి మరీ ఆవిడకు అప్పగించాడు. మోసం చేసినవాణ్ణి ఇంకొకరైతే నాలుగు తిట్లు తిట్టి వెళ్ళేవారు. చెంచమ్మ గడప దగ్గర ఆగి, "చల్లగా ఉండు రాయుడూ. ఈ సైకిల్ మీద నేను ఏ ఇంటికి వేళకు చేరినా నీ చలవే అనుకుంటాను" అంది. వాడు ఎగతాళి అనుకున్నాడు. కాదు. ఆవిడ అంతే.

ఓబులన్న దగ్గర ఆగి దణ్ణం పెట్టింది. ఎర్రక్క మెడ నిమిరింది. నా నుదుటి మీద ముద్దు పెట్టి, "నీ నోరు చల్లగుండ నరసీ" అంది. నా నోటిని మెచ్చుకున్నది ఈ లోకంలో ఆవిడొక్కతే.

తర్వాత కొన్నాళ్ళకు, మధ్యాహ్నం ఎండలో, కాకి కబురు తెచ్చింది. వాగవతల నక్కగుహలో కొండలరాయుడి కూతురు నొప్పులు పడుతోంది. తొలి కాన్పు, బిడ్డ అడ్డం తిరిగింది.

చెంచమ్మ సంచీ తగిలించుకుని సైకిలెక్కింది. దిగుడు బాటలో రాళ్ళ మీద ఎగురుతూ వెళ్ళింది. గట్టున దిగి, టక్కున మడిచి, ఒళ్ళో పెట్టుకుని ఎర్రక్క వీపెక్కింది. అవతలి ఒడ్డున విప్పి మళ్ళీ తొక్కింది. నాకు ఈత రాదు కాబట్టి అక్కడ జరిగింది ఎర్రక్క చెప్పగా విన్నాను.

చెంచమ్మ లోపల ఉన్నంతసేపూ కొండలరాయుడు గుహ బయట ఆ నల్ల సైకిల్ పక్కనే కూర్చున్నాడట, గొళ్ళెం మీద చెయ్యి పెట్టుకుని. చివరికి లోపలినుంచి కుయ్ కుయ్ మని వినపడింది. చెంచమ్మ చెమట తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"తల్లీ క్షేమం, పిల్లలూ క్షేమం. ఇంకాస్త ఆలస్యమై ఉంటే మాత్రం చెప్పలేకపోయేదాన్ని."

"అక్కా" అన్నాడు వాడు. "ఆ రోజు నువ్వు ఆ వెండిది ఎక్కి ఉంటే..."

"దిగుడు బాటలో పడి ఉండేదాన్ని. పడలేదుగా. వెళ్ళి మనవళ్ళని చూసుకో."

వాడు ఏడ్చాడట. ఏడుస్తూనే లోపలికి పోయి, ఆ చింతపండు మూట ఎలా ఉన్నది అలాగే తెచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర పెట్టాడట. చెంచమ్మ అందులోంచి ఒక గుప్పెడు తీసుకుంది. "పురుటికి ఇది చాలు. మిగతాది సైకిల్‌ది, నీదే."

మరుసటి సంతకు కొండలరాయుడు నా పాక ముందుకు వచ్చి నిలబడ్డాడు. చేతుల్లో పచ్చి అరటాకుల మోపు. "నరసక్కా, నువ్వా నార తినకపోయి ఉంటే నా కూతురు నాకు దక్కేది కాదు. నా కొట్లో ఉన్న ప్రతి సైకిలూ నువ్వొచ్చి నాకి చూడాలి. నువ్వు సరేనన్నాకే అమ్ముతాను."

అప్పటినుంచీ ప్రతి సంతరోజూ నా పని అదే. తోరణం తిన్నా ఇప్పుడెవరూ అదిలించరు.

నలుగురికీ అమ్మే సరుకును, రేపు నీ ఇంటి ప్రాణం దాని మీదే వస్తుందనుకుని అమ్మాలి.